నాలుగో చక్రం

ఉప్పల్,
ఆగస్టు 17.

మామకు శిరీష నమస్కారాలు.

కారు పంపితే వెంట కాగితం కూడా పంపాలన్నది నీ షెడ్డు నియమం కాబట్టి ఈ జాబు. ఉప్పల్‌కూ నాచారానికీ ఎంత దూరం? అక్కడ అత్త మిరపకాయలు వేయిస్తే నాకిక్కడ తుమ్ములొచ్చేంత. ఆ దూరానికి ఉత్తరాలు రాసుకునే మేనమామా మేనకోడలూ హైదరాబాదు మొత్తంలో మనమే అయ్యుంటాం. "మీ మామకు చెవులు ఇనబడయ్, ఒప్పుకుంట. కండ్లకేమొచ్చింది, వాట్సాప్ జూడరాదా?" అంటున్నాడు దయాకర్. పెళ్లై ఏడేళ్లయినా మా ఆయనకు నీ సంగతి తెలియలేదు.

ఇక బండి సంగతి. పొద్దున ఐదున్నరకు తీశాను. బోడుప్పల్ దాకా ఆ పూర్తికాని ఫ్లైఓవర్ స్తంభాల పక్కన గుంతలు తప్పించుకుంటూ రెండో గేర్లోనే పోవలసి వచ్చింది. ఘట్‌కేసర్ దాటి రోడ్డు తెరుచుకున్నాక మూడో గేర్లో కాలు నొక్కాను. టర్బో ఈల వేసింది, వీపు సీటుకు అతుక్కుంది. చూడటానికి అది కూరగాయలకు పోయే చిన్న కారు. డిక్కీలో నిజంగానే కూరగాయల సంచి ఉంది. అందులో అంత వేగం దాక్కుని ఉండటమే నాకు ఇష్టం. కొన్నప్పుడు అత్త అన్న మాట గుర్తుందా? "గింత పిల్ల కారుకు గంత పొగరేంది, ఉడుత లెక్క" అంది. అప్పటినుంచీ దాని పేరు ఉడుతే.

ఫిర్యాదులు మూడు. వరసగా నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే పెడల్ మెత్తబడి లోపలికి దిగుతోంది. ఎడమకు తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర కిర్రుమంటోంది. క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటోంది. రోడ్డు మీద నువ్వు పెట్టిన హద్దు దాటలేదు. ఒట్టు వేయమంటే మాత్రం వేయను.

నీ శిరీష


నాచారం,
ఆగస్టు 20.

చి. శిరీషకు మామ ఆశీస్సులు.

కాగితం అందింది. బండి చూశాను. నీ మూడు ఫిర్యాదుల్లో రెండు బండివి, ఒకటి నీది.

బ్రేకు నూనె పాతబడింది. వేడెక్కితే మరుగుతోంది. మార్చాను. కిర్రుమన్నది గులకరాయి. బ్రేకు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య ఇరుక్కుంది. తీసి నీ సీటు మీద పెట్టాను, చూసుకో. క్లచ్ మాత్రం నీది. గేరు మార్చిన తర్వాత కూడా కాలు దాని మీదే ఉంచుతున్నావు. పెడల్ రబ్బరు ఒకవైపే అరిగి సాక్ష్యం చెబుతోంది.

కాగితం ఎందుకని మీ ఆయన అడుగుతున్నాడు కాబట్టి రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ఫ్యాక్టరీలో, ఇనుప రేకులు నొక్కే ప్రెస్ షాపులో ఫిట్టర్‌గా చేశాను. చెవులు అక్కడే పోయాయి. షిఫ్టు దిగేటప్పుడు ఏ మిషను ఎట్లా ఉందో రిజిస్టర్లో రాయాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది, రాసింది తర్వాత షిఫ్టువాడికి ఉంటుంది. రాతలో బడి భాషే ఉండాలని మా సూపర్‌వైజర్ పట్టుబట్టేవాడు. ఆ అలవాటు పోలేదు. అత్త వెక్కిరిస్తుంది, "మాటలేమో మనయి, రాసేదేమో పంతులుది" అని.

చక్రాలు విప్పి మళ్లీ బిగించాను. నా పద్ధతి నీకు తెలిసినా రాస్తున్నాను. బండి జాకీ మీద ఉండగా మామూలు పానాతో చేతిబిగువు వరకే. నేలకు దించాక టార్క్ రెంచితో అసలు బిగింపు. బిగువు సరిపోగానే రెంచి టక్కుమంటుంది. ఆ చప్పుడు నాకు వినపడక పన్నెండేళ్లయింది, అరచేతికి తెలుస్తుంది. తెలిసిన వెంటనే నట్టు మీద ఎర్ర ఎనామిల్ చుక్క పెడతాను. చక్రానికి ఐదు, నాలుగు చక్రాలకు ఇరవై. ఎర్రచుక్క లేని నట్టుతో ఏ బండీ నా షెడ్డు దాటలేదు.

మామ
కొమురెల్లి


ఉప్పల్,
సెప్టెంబరు 24.

మామకు,

గులకరాయిని ల్యాబులో నా టేబుల్ మీద పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే మా మామ పంపిన మెడల్ అని చెబుతున్నాను.

అసలు విషయం. చెన్నై దగ్గరి రేసు ట్రాక్ మీద అక్టోబరు నాలుగు, ఐదు తేదీల్లో మన బండ్లు మనమే తోలుకోవచ్చు. పేరు ఇచ్చేశాను. దయాకర్ కూడా వస్తున్నాడు, స్టాప్‌వాచ్ పట్టుకోవడానికి. ఆయన తన కారును అరవై దాటనివ్వడు కాబట్టి అంతకన్నా పెద్ద పని అప్పగించలేను. పోయినసారి ఒక చుట్టుకు రెండు నిమిషాల ఇరవై మూడు సెకన్లు పట్టింది. ఈసారి ఇరవై లోపు రావాలి.

మూడు సెకన్ల కోసం అంత దూరమా అంటావు. ఉప్పల్ చౌరస్తాలో ఆడమనిషి స్టీరింగ్ పట్టుకుంటే వెనక ఆటోవాడికి హారన్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. ట్రాక్ మీద హారన్ ఉండదు. నా పక్కన కూర్చుని సలహా ఇచ్చేవాళ్లు ఉండరు. తప్పు చేస్తే అది నా తప్పే, బాగా చేస్తే అదీ నాదే. వారం మొత్తంలో నాకు అట్లాంటి చోటు ఇంకోటి లేదు.

పాత టైర్లు అరిగాయి, కొత్తవి నాలుగూ దయాకర్‌తో పంపుతున్నాను. దసరా రోజు కూడా నాకు ల్యాబులో డ్యూటీ పడింది. బండిని ముందురోజే షెడ్డులో వదిలి, పండుగ మరునాడు తెల్లారే వచ్చి తీసుకుంటాను. నాకోసం పాలపిట్టను నువ్వే చూడు. నాచారంలో అది కనబడితే నాకూ చెప్పు.

నీ శిరీష


శ్రీపెరుంబుదూరు,
అక్టోబరు 4, సాయంత్రం.

మామకు,

ఈ కాగితం బండితోపాటే నీ దగ్గరికి వస్తుంది. అయినా ఏ రోజుది ఆ రోజే రాయాలన్నావు కాబట్టి లాడ్జిలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న తెల్లారి షెడ్డు దగ్గర నన్ను చూసి అత్త ఏడ్చినంత పని చేసింది. బానెట్ మీద అరచేయంత బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి జమ్మి రెమ్మ. "పైలం బిడ్డా, జర మెల్లగ తోలు" అంది. మెల్లగా తోలడానికే అయితే ఇంత దూరం ఎందుకత్తా అనలేదు. నిమ్మకాయలు నాలుగూ తొక్కించి బయల్దేరాను. విజయవాడ దాకా ఎండ, ఒంగోలు దాటాక వాన.

ఈరోజు బండ్ల తనిఖీ, తర్వాత ముందొక కారు దారి చూపిస్తుంటే దాని వెనక నాలుగు నెమ్మది చుట్లు. అంతే. రెండో మలుపు దగ్గర అందరూ తొందరపడి లోపలికి కోసుకుపోతారు. కాస్త ఆగి తిప్పితే బయటికి వచ్చేటప్పుడు బండి తనంతట తానే తోస్తుంది. నువ్వు నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆదివారాలు ఫ్యాక్టరీ ఖాళీ జాగాలో నేర్పింది అదే. బండి ఎటు పోవాలో అటు చూడు, గోడ వైపు చూస్తే గోడకే పోతావు అన్నావు. ఇక్కడ కోచ్ అదే మాట ఇంగ్లీషులో చెప్పి గొప్పగా నవ్వాడు.

రేపు అసలు పని.

నీ శిరీష


ఉప్పల్,
అక్టోబరు 12.

మామకు,

కుడి భుజం ఎముక విరిగింది. పట్టీలోంచి వేళ్లు మాత్రమే బయటికి ఉన్నాయి, అందుకే ఈ వంకర అక్షరాలు. ఆరు వారాలు అన్నారు. నాకు ఇంకేమీ కాలేదు. ఇది మొదట రాస్తున్నాను, ఎందుకంటే మొదట ఇదే చదువుతావు.

ఇప్పుడు రిపోర్టు. ఆదివారం పొద్దున మొదటి చుట్టు టైర్లు వేడెక్కడానికే. రెండోది రెండు నిమిషాల ఇరవై ఒకటి. దయాకర్ గోడ మీంచి వేళ్లు చూపించాడు. మూడో చుట్టులో బండి నా మాట వింటున్నట్టు లేదు, నేను అనుకోకముందే చేస్తున్నట్టు ఉంది. అంత బాగా ఎప్పుడూ తోలలేదు. పొడుగు రోడ్డు చివర బ్రేకు వేశాను. వెనక ఎడమవైపు ఒక్కసారిగా తేలికైంది. బండి చుట్టూ తిరిగింది. నా పక్కనుంచి ఒక చక్రం నన్ను దాటుకుని ముందుకు పోయింది. ఎవరిదో అనుకున్నాను. అది మనదే. తర్వాత ట్రాక్ అంచున పేర్చిన టైర్ల గోడ.

చక్రాన్నీ, దాని దగ్గర దొరికిన ఒక్క నట్టునూ దయాకర్ డిక్కీలో వేశాడు. మిగతా నాలుగు గడ్డిలో దొరకలేదు. బండిని లారీ మీద నీ షెడ్డు ముందే దించాడు. అత్త రోజూ టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లెక్కి వస్తోంది, నోట్లో పెడుతోంది. ఈ కాగితం కూడా ఆమె సంచిలోనే పెడుతున్నాను, కవరుకు ల్యాబు స్టేప్లర్‌తో పిన్ను కొట్టి.

వారమైంది. నువ్వు రాలేదు మామా. అందుకు నాకు బాధగానే ఉంది, రాయకుండా ఉండలేను.

శిరీష


నాచారం,
అక్టోబరు 14.

చి. శిరీషకు,

డ్యాష్‌బోర్డు అరలో నీ నాలుగో తేదీ కాగితం దొరికింది. పన్నెండో తేదీదీ అందింది. చక్రం చూశాను.

వెనక ఎడమ చక్రం చేతిబిగువు మీదే పోయింది. రెంచి పడలేదు. దసరా రోజు మూడు చక్రాలు బిగించి చుక్కలు పెట్టాను. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి బస్తీవాళ్లు వచ్చి జమ్మికి పోదామని చెయ్యి పట్టి లాక్కెళ్లారు. తిరిగొచ్చి, అయిపోయిందనుకుని సామాను లోపల పెట్టేశాను. తప్పు నాది.

మొహం చెల్లక రాలేదు. నీకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పినవాడినే చక్రం బిగించకుండా పంపాను.

షెడ్డుకు తాళం వేశాను. సామాను ఉపేందర్‌కు ఇచ్చేస్తానని చెప్పాను. మల్లాపూర్‌లో కొత్తగా షెడ్డు పెడుతున్నాడు, నెలాఖరుకు వచ్చి పట్టుకుపోతాడు. ఇక ఎవరి బండీ ముట్టను. నీ బండికి వేరే మెకానిక్‌ను చూసుకో.

మామ


ఉప్పల్,
అక్టోబరు 27.

మామకు,

రెండు వారాలుగా ఒక విషయం దాచాను. భయపడి దాచాను. ఇప్పుడు రాస్తున్నాను, తిట్టదలుచుకుంటే కాగితం మీదే తిట్టు.

దసరా రోజు నువ్వు జమ్మికి పోయాక నేను షెడ్డుకు వచ్చాను. మూడు చక్రాలకు నట్ల మీద ఎర్రగా ఉంది, నాలుగోదానికి లేదు. పూజ రోజు ఒక చక్రం బోడిగా ఉండటమేమిటని భరిణెలో కుంకుమ తీసి ఆ ఐదు నట్లకూ నేనే బొట్టు పెట్టాను. నీ చుక్కల సంగతి ఆ హడావిడిలో మరిచిపోయాను. నువ్వు తిరిగొచ్చి చూసింది నా బొట్లు.

కాబట్టి నీ చెయ్యి తప్పలేదు. నా చెయ్యి తప్పింది, భుజం విరిగింది, లెక్క సరిపోయింది. షెడ్డు తాళం తియ్యి. సామాను ఇచ్చేది లేదని ఉపేందర్‌కు చెప్పు. ముప్పై ఏళ్లు నీ అరచేతిలో అరిగిన పానాలు వాడి చేతిలో ఇముడుతాయా?

బండి నాగోల్‌లో రేకు పనికి పోయింది. అది అయ్యాక మళ్లీ నీ షెడ్డు ముందే దించుతారు. చక్రాలు మాత్రం ఎవరినీ ముట్టనివ్వను.

శిరీష


నాచారం,
అక్టోబరు 30.

చి. శిరీషకు,

ఈ కాగితం అత్త సంచిలో పెట్టడం లేదు. దయాకర్ చేతికే ఇస్తున్నాను. చదివి చించెయ్యి.

నీకు అబద్ధం చెప్పడం రాదు. సెప్టెంబరు ఇరవై నాలుగున నువ్వే రాశావు, దసరా రోజు ల్యాబులో డ్యూటీ పడింది, మరునాడు తెల్లారే వస్తానని. ఆ కాగితం నా ముందు ఉంది. రాసుకోవడం ఇందుకే.

ఎవరు పెట్టారో నాకు చక్రం చూసిన రోజే తెలుసు. దొరికిన నట్టును వేలితో రుద్దాను. ఎనామిల్ అయితే గోటితో గీకినా రాదు. ఇది వేలికి అంటింది, నువ్వుల నూనె వాసన వచ్చింది. కుంకుమను నూనెలో కలిపి పెట్టేది మన ఇంట్లో ఒక్కరే. అందుకే ఒంగోలు వానకు కూడా చెరగలేదు.

ముప్పై రెండేళ్ల కాపురంలో నా ఎర్రచుక్కల్ని మీ అత్త బొట్లే అనుకుంది. నేను ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు. దేవుడి ముందు చేతులు జోడించని మొగుడు బండ్లకైనా భక్తిగా బొట్టు పెడుతున్నాడని సంతోషపడి ఉంటుంది. మూడింటికి పెట్టి నాలుగోది మరిచిపోయి జమ్మికి పోయాడని, పాపం, నా పని పూర్తి చేసింది.

నిజానికి తిరిగొచ్చాక నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. నాలుగోది బిగించినట్టు చేతికి గుర్తు లేదు. కంటికి చుక్క కనబడింది కదా అని ఊరుకున్నాను. కాబట్టి నా తప్పు నాకు మిగిలే ఉంది.

మీ అమ్మ, నా అక్క, పోయిననాడు నీకు తొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి నీ జడ వేసింది మీ అత్తే. నిన్ను చావు దాకా తీసుకుపోయింది తన వేలే అని తెలిస్తే మీ అత్త శ్యామలమ్మ తట్టుకోలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. షెడ్డు తెరిస్తే ఆమె మళ్లీ భరిణె పట్టుకుని వస్తుంది. వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. అందుకే షెడ్డు మూసే ఉంటుంది. నా చెయ్యి తప్పిందనే అందరూ అనుకోనీ. నేను మోస్తాను.

మామ


ఉప్పల్,
నవంబరు 16.

మామకు,

దయాకర్ పనిమీద వరంగల్ పోయాడు. వేరే దారి లేక అత్త సంచిలోనే పెడుతున్నాను. కవరుకు రెండు పిన్నులు కొట్టాను. కండ్లద్దాలు లేకపోతే అత్తకు అక్షరం కనబడదని నువ్వే అంటుంటావు కదా.

అవును, అబద్ధమే రాశాను. అత్త నాకు అన్నం కలిపి పెడుతూ తనే చెప్పింది, ఏమీ తెలియకుండానే. "మీ మామ గాయన మతిమరుపుతోని మూడు చక్రాలకే బొట్టు పెట్టిండు బిడ్డా. నాలుగోదానికి నేనే పెట్టిన. గా బొట్టుంది గావట్టే నువ్వు పాణంతోని బయటవడ్డవ్." నాకు పొలమారింది. ఆమె నీళ్లు తాగించింది.

నేను కూడా ఒకటి దాచాను మామా. నెల్లూరు దాటినప్పటి నుంచే వెనక సన్నగా వణుకు ఉంది. కొత్త టైర్లు కదా, చక్రాల బ్యాలెన్సింగ్ సరిగ్గా కుదరలేదేమో అనుకున్నాను. శనివారం తనిఖీలో నట్లు బిగించారా అని అడిగారు. వంగి ఎర్రచుక్కలు చూపించాను, మా మామ పెట్టినవి అని గర్వంగా చెప్పాను. చేత్తో ఒక్కటి ముట్టి చూసినా సరిపోయేది. నాలుగో తేదీ జాబులో వణుకు సంగతి రాయలేదు. రాస్తే రేపు పోవద్దని నాకు నేనే చెప్పుకోవలసి వచ్చేది.

చూశావా, ఎన్ని కళ్లు చూశాయో ఆ ఐదు నట్లను. ఎవరి చెయ్యీ పడలేదు. దీనికి అత్త ఒక్కతే ఎందుకు దోషి అవుతుంది, నువ్వు ఒక్కడివే ఎందుకు మోయాలి?

చుక్క రంగు మార్చరాదా? పసుపుపచ్చది పెట్టు. కాదు, ఆమె పసుపు కూడా పెడుతుంది. నీలం పెట్టు. అత్తకు ఏమీ చెప్పనక్కర లేదు. షెడ్డు మాత్రం తెరువు. నువ్వు అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చుంటున్నావని అత్త రోజూ చెబుతోంది. "అన్నం గూడ సగమే తింటుండు" అంటోంది. బండి నిన్న నీ షెడ్డు ముందుకు వచ్చింది, చక్రాలు చేతిబిగువు మీదే ఉన్నాయి. నువ్వు బిగించకపోతే అది అక్కడే ఉంటుంది. నేను వేరే కారు కొనను. తోలడం మానేస్తాను, అంతే.

శిరీష


నాచారం,
నవంబరు 23.

చి. శిరీషకు మామ ఆశీస్సులు.

నీ పదహారో తేదీ కాగితం అందింది. కవరుకు పిన్నులు లేవు. రెండు చోట్ల చిల్లులు ఉన్నాయి, మూత అన్నం మెతుకుతో అంటించి ఉంది. నా చేతికి వచ్చేసరికి మెతుకు ఇంకా తడిగానే ఉంది. మీ అత్త బతుకమ్మకు ముందే కొత్త కండ్లద్దాలు చేయించుకుందట. నాకు చెప్పలేదు. ఒక ఇంట్లో ఇంతమంది ఇన్ని దాచుకుంటే రిజిస్టర్ ఏం సరిపోతుంది.

మూడు రోజులు ఆమె ఏమీ అనలేదు. వంట చేసింది, ఊడ్చింది. నీకు డబ్బా తెచ్చింది, అది నీకూ తెలుసు. రాత్రిపూట గోడవైపు తిరిగి పడుకుంది. నేనూ అడగలేదు.

బుధవారం ఉపేందర్ సామాను కోసం ఆటో ట్రాలీ తెచ్చాడు. నెలాఖరన్నది ఇన్నాళ్లకు కుదిరిందట. ఆమె గడపలో నిలబడి "సామాన్ ఇచ్చుడు లేదు బిడ్డా, చాయ్ తాగి పో" అంది. పెదవులు చూసి తెలుసుకున్నాను. వాడు చాయ్ తాగి పోయాడు. తర్వాత తాళంచెవి నా దిండు కింద నుంచి తీసుకుపోయింది. షెడ్డు ఊడ్చింది. నేను పోయి చూసేసరికి బండి పక్కన పీట వేసుకుని కూర్చుంది, ఒళ్లో కుంకుమ భరిణె, పక్కన నా టార్క్ రెంచి.

రెంచి నా చేతికిచ్చి, మొహం నాకు కనబడేటట్టు తిరిగి ఒక్కో మాటా నెమ్మదిగా అంది. "నీకు ఇనబడది. నాకు ఇనబడ్తది. టక్కుమన్నంక నేను బొట్టు పెడ్త. టక్కుమనకుంటే పెట్ట."

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ముందు కుడి చక్రంతో మొదలుపెట్టాము. నేను బిగిస్తాను, అరచేతికి తెలుస్తుంది. ఆమె తలూపుతుంది, బొట్టు పెడుతుంది. ఎనామిల్ డబ్బా మూత తియ్యలేదు. మూడు చక్రాలు అట్లా అయ్యాయి. పదిహేను నట్లు, పదిహేను బొట్లు. ఆమె ఒక్కటి కూడా తొందరపడి పెట్టలేదు.

వెనక ఎడమ చక్రం దగ్గర మొదటి నట్టు టక్కుమన్నాక ఆమె వేలు కుంకుమలోనే ఆగిపోయింది. నా వైపు చూసి అంది. "ఆనాడు గీ సప్పుడు నేను ఇననే లేదు. ఇనకుంటనే పెట్టిన. నా బిడ్డను నేనే సంపుకుంటుంటి." ఏడ్చింది. ఎన్నడూ ఏడుపు చూపించని మనిషి, భరిణె ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లలాగా ఏడ్చింది. ఆ చక్రం దగ్గర కూర్చుని నేనూ ఏడ్చాను. ఇది రిపోర్టులో రాసే విషయం కాదు. అయినా రాస్తున్నాను.

చుక్కలు ఎందుకు పెడతానో నీకు చెప్పానుగానీ ఆమెకు ఎన్నడూ చెప్పలేదని, ఆ తప్పు ముప్పై రెండేళ్లదని అన్నాను. ఆమె కండ్లు తుడుచుకుంది. "ఇప్పుడు జెప్పినవ్ గద. ఇగ పట్టు" అంది.

మిగిలిన నాలుగూ బిగించాము. ఆఖరి నట్టు టక్కుమంది. నా చేతికి తెలిసింది, ఆమెకు వినబడింది. అయినా బొట్టు పెట్టకుండా వేలు అట్లాగే పట్టుకుని కూర్చుంది. ఎందుకని అడిగితే, "ఇంకోసారి" అంది. మళ్లీ పట్టాను. టక్కుమంది. అప్పుడు పెట్టింది.

బండి సిద్ధంగా ఉంది. నీ భుజం నయమయ్యాక వచ్చి తీసుకుపో. బండి తీసేముందు ప్రతి నట్టూ నీ చేత్తో ముట్టి చూసుకో, ఇరవై ఉంటాయి. కాగితం తేవడం మరిచిపోకు. ఈసారి ఇద్దరి పేరు మీద రాయి.

మామ
కొమురెల్లి